పొరలు పొరలుగా పారే నీటికి ఒక సాఫ్ట్‌వేర్: బాసిలిస్క్ బహుళపొరల నమూనా సమీక్ష

ఆగస్టులో గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు మీద నిలబడి చూస్తే, ఒకవైపు ఎర్రటి నది నీరు, మరోవైపు ఆకుపచ్చని సముద్రం, రెండింటి నడుమ నురుగు కట్టిన ఒక గీత కనబడతాయి. కంటికి ఆ రెండు నీళ్లూ పక్కపక్కన ఉన్నట్టే తోస్తాయి గానీ, అసలు వ్యవహారం నిలువునా నడుస్తుంది. తేలికైన మంచినీరు బరువైన ఉప్పునీటి మీద పలుచగా పరుచుకుంటుంది. గాలి, అలలు, పోటుపాటులు గట్టిగా కలిపితే తప్ప ఆ రెండూ అంత సులువుగా కలవవు. ఈ పొరలు ఒకదాని మీద ఒకటి ఎలా జారతాయో, వాటి సరిహద్దు మీద పైకి కనబడని అలలు ఎలా పుట్టి ఎంత దూరం పోతాయో లెక్కగట్టి చూడాలనుకునేవారి కోసం ఉన్న సాఫ్ట్‌వేర్లలో బాసిలిస్క్ ఒకటి. అందులోని బహుళపొరల విభాగాన్ని ఏడాదికి పైగా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. నేను ఇంజనీరింగ్ విద్యార్థులకు ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పేవాడినే గానీ సముద్ర శాస్త్రవేత్తను కాను. కాబట్టి దీన్ని ఒక ఉపాధ్యాయుడి అవసరాల వైపు నుంచి తూచిన తూకంగా చదువుకోవాలని మనవి.

బాసిలిస్క్‌ను ప్రధానంగా రాసినవారు పారిస్‌లోని దలాంబేర్ సంస్థకు చెందిన స్టెఫాన్ పోపినే. అంతకుముందు ఆయనే రాసిన గెరిస్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఇది వారసురాలు. జీపీఎల్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. మూలకోడ్ మొత్తం చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. దీని బహుళపొరల పద్ధతిని వివరించే పరిశోధనా పత్రం 2020లో ఒక కంప్యుటేషనల్ ఫిజిక్స్ పత్రికలో వచ్చింది. కొనే వస్తువు కాదు కనుక ధర గురించి చెప్పవలసింది ఏమీ లేదు. ఖర్చయ్యేది మన సమయమే, అది మాత్రం బాగానే ఖర్చవుతుంది.

దీని పునాదిలో ఉన్న ఆలోచన పాతది. సెయింట్ వెనాంట్ 1871లో ఇచ్చిన సమీకరణాలను మనవాళ్లు కాలువల్లో, వరద లెక్కల్లో ఇప్పటికీ వాడుతున్నారు. నీటి లోతు కన్నా అల పొడవు చాలా ఎక్కువైనప్పుడు నిలువు వేగాన్ని పట్టించుకోనక్కరలేదు, పీడనం లోతును బట్టి పెరుగుతుందనుకుంటే చాలు, వేగం పైనుంచి అడుగు దాకా ఒకటే అనుకోవచ్చు. సాంద్రత తేడాలున్న నీటిలో ఈ చివరి ఊహ నిలబడదు, ఎందుకంటే పైపొర తూర్పుకు పోతుంటే కింది పొర పడమరకు పోవచ్చు. అందుకని నీటిని అట్టు మీద అట్టు పేర్చినట్టు కొన్ని పొరలుగా విడదీసి, ప్రతి పొరకూ దాని మందం, దాని వేగం, దాని సాంద్రత విడిగా ఇచ్చి, పై పొరల బరువు కింది పొరల మీద పడేలా సమీకరణాలను ముడివేస్తారు. ఇదే బహుళపొరల లోతు తక్కువ నీటి నమూనా. పేరులో లోతు తక్కువ అని ఉన్నా, దీన్ని నాలుగు కిలోమీటర్ల లోతున్న సముద్రానికి కూడా వాడవచ్చు. లెక్కలోకి వచ్చేది లోతుకూ అల పొడవుకూ మధ్య ఉన్న నిష్పత్తి మాత్రమే.

దీని స్వభావం ఎలాంటిదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఉత్తర బంగాళాఖాతంలో వర్షాకాలం ముగిసే నాటికి, గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి మోసుకొచ్చిన మంచినీటి వల్ల పైన పలుచని తేలిక పొర ఏర్పడుతుంది. ఆ పొర మందం 20 మీటర్లు, కింది పొర మందం 80 మీటర్లు, రెండింటి సాంద్రతలో తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు అనుకుందాం. అప్పుడు ఆ సరిహద్దు మీద పనిచేసే గురుత్వం అసలు గురుత్వంలో వెయ్యింట మూడు వంతులే. సెకను వర్గానికి 0.029 మీటర్ల దగ్గర ఉంటుంది. సరిహద్దు మీద పుట్టే పొడవైన అల వేగం సెకనుకు సుమారు 0.68 మీటర్లు, అంటే మనిషి తీరికగా నడిచే నడక కన్నా తక్కువ. అదే 100 మీటర్ల లోతు నీటిలో ఉపరితలం మీద పోయే పొడవైన అల వేగం సెకనుకు 31 మీటర్లు. ఒకే నీటి స్తంభంలో ఒకటి నడుస్తుంటే మరొకటి ఎక్స్‌ప్రెస్ రైలులా పరిగెడుతుందన్నమాట.

మామూలు సాఫ్ట్‌వేర్లను వెనక్కు లాగేది ఈ తేడాయే. లెక్క కోసం నీటిని గళ్ల గ్రిడ్‌గా విడదీస్తారు. గ్రిడ్ గడి వెడల్పు 100 మీటర్లయితే, వేగమైన అల ఒక గడిని దాటడానికి 3 సెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది కనుక కాలపు అడుగు, అంటే ఒక లెక్కకూ తరువాతి లెక్కకూ నడుమ వ్యవధి, అంతకు మించి వేయడానికి వీలుండదు. మనకు కావలసిన లోపలి అల అదే గడిని దాటడానికి 147 సెకన్లు తీసుకుంటుంది. బాసిలిస్క్ ఉపరితల అలలను సెమీ ఇంప్లిసిట్ పద్ధతిలో, అంటే ఇప్పటి విలువలతో పాటు రాబోయే క్షణపు విలువలను కూడా సమీకరణంలో కలిపి, పరిష్కరించి ఈ చిక్కును తప్పిస్తుంది. వేగమైన అలలు కొంత మొద్దుబారినా, నెమ్మదైన లోపలి కదలికలు చెడకుండా పెద్ద కాలపు అడుగులు వేయవచ్చు. ఎంత పెద్ద అడుగు అన్నది వాడేవారి చేతిలోనే ఉంటుంది. ఈ ఒక్క సదుపాయం వల్లనే, సర్వర్ల దగ్గర వరుసలో నిలబడవలసిన లెక్కలు కొన్ని నా పాత ల్యాప్‌టాప్ మీద పూర్తయ్యాయి.

ఇక ఈ సమీక్షలో ముఖ్యమైన మాట. పొర అనే పదానికి ఈ సాఫ్ట్‌వేర్‌లో రెండు అర్థాలున్నాయి. దీని బలం అక్కడే ఉంది, కొత్తవారు బోల్తాపడేదీ అక్కడే. మొదటి అర్థంలో పొర అంటే నిజమైన నీటి పొర: దాని సాంద్రత మారదు, అది పక్క పొరతో నీటిని ఇచ్చిపుచ్చుకోదు, దాని సరిహద్దు నీటితో పాటే పైకీ కిందికీ కదులుతుంది. సముద్రపు పెద్ద ప్రవాహాల అధ్యయనానికి ఐదారు పొరలతో దీన్ని వాడతారు. రెండవ అర్థంలో పొర అంటే కేవలం గ్రిడ్ గీత: సాంద్రత, ఉప్పదనం, ఉష్ణోగ్రత అన్నీ పొరల్లో మోసుకుపోయే సరుకులు, పొరల మందాలను ఎప్పటికప్పుడు మనకు నచ్చిన వాటాల్లోకి సర్దుకోవచ్చు. బాసిలిస్క్‌లో రెండింటికీ సమీకరణాలు ఒకటే, కోడ్ ఒకటే. పొరలు ముందు నీటితో పాటు కదులుతాయి. ఆ తరువాత సర్దుబాటు చేయాలా వద్దా అన్నది ఒకే ఒక్క ఫైలును చేర్చడం, చేర్చకపోవడం మీద ఉంటుంది.

ఈ ఏర్పాటు ఎంత సొగసైనదో ఒప్పుకుని తీరాలి. కాని సర్దుబాటు జరిగిన ప్రతిసారీ పాత పొరల్లోని ఉప్పును కొత్త పొరల్లోకి పంచిపెట్టాలి. ఆ పంపకంలో ప్రకృతి చేయని కలయిక కాస్త చేరుతుంది. బాసిలిస్క్ ఇందుకు పై తరగతి పాలినామియల్ పద్ధతులున్న లైబ్రరీని వాడుతుంది కనుక ఆ తప్పు చిన్నదిగానే ఉంటుంది, సున్నా మాత్రం కాదు. పొరలను అసలు సర్దకుండా వదిలేస్తే కొన్నిచోట్ల పొర అప్పడంలా పలుచబడుతుంది, మరికొన్నిచోట్ల ఉబ్బుతుంది, లెక్క ఓపిక నశించి ఆగిపోతుంది. ఏది కావాలో తేల్చుకోవలసింది మనమే, సాఫ్ట్‌వేర్ ఆ నిర్ణయాన్ని మన తరఫున తీసుకోదు. నేను తొలి రోజుల్లో ఈ రెండు అర్థాలనూ కలగాపులగం చేసి, పొరలకు విడివిడి సాంద్రతలు ఇచ్చి, పైగా సర్దుబాటు కూడా పెట్టి, ఫలితాలు వింతగా ఉన్నాయని వారం రోజులు తల పట్టుకున్నాను. తప్పు కోడ్‌ది కాదు, నాది.

ఆ సర్దుబాటు లైబ్రరీ ఫోర్ట్రాన్ భాషలో ఉంది. నా యంత్రంలో ఫోర్ట్రాన్ కంపైలర్ లేదని గుర్తించకుండా, బాసిలిస్క్ సొంత కంపైలర్ ఇచ్చిన పొడవాటి లింకింగ్ సందేశాన్ని ఒక సాయంత్రమంతా చదువుతూ కూర్చున్నాను. స్థాపన సూచనలు పైపైన చదివి ముందుకు పరిగెత్తేవారికి ఇలాంటి శాస్తి జరుగుతుంది. లినక్స్ అలవాటున్నవారికి స్థాపన అరగంట పని. విండోస్ మాత్రమే తెలిసినవారు దాని లోపల లినక్స్ పెట్టుకోవడంతో మొదలుపెట్టాలి. మెనూలు, బటన్లు, విజార్డులు ఏవీ ఉండవు; సమస్యను సీ భాషకు దగ్గరగా ఉండే ఒక చిన్న ప్రోగ్రాముగా రాసి కంపైల్ చేయవలసిందే.

పరీక్షకు నేను తీసుకున్న సమస్య పాఠ్యపుస్తకాల్లో ప్రసిద్ధమైనదే. తొట్టెను మధ్యలో అడ్డుపలకతో విడదీసి, ఒకవైపు ఉప్పునీరు, మరోవైపు మంచినీరు ఒకే ఎత్తుకు నింపి, పలకను ఒక్కసారిగా పైకి లాగేస్తే ఉప్పునీరు అడుగున నాలుకలా ముందుకు సాగుతుంది, మంచినీరు పైన ఎదురుగా వస్తుంది. మా ఇంట్లో ఖాళీగా పడి ఉన్న చేపల తొట్టె 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు. 20 సెంటీమీటర్ల లోతున నీరు పోసి, ఒక సగంలో లీటరుకు 14 గ్రాముల లెక్కన సుమారు 380 గ్రాముల ఉప్పు కలిపి, నాలుగు చుక్కల నీలిమందు వేశాను. సాంద్రత తేడా నూటికి ఒక వంతు. గణిత శాస్త్రవేత్త బెంజమిన్ 1968లో ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం, రాపిడి లేదనుకుంటే ఆ నాలుక సెకనుకు 7 సెంటీమీటర్ల వేగంతో పోవాలి, అంటే 45 సెంటీమీటర్ల సగం తొట్టెను ఆరున్నర సెకన్లలో దాటాలి. మా అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుంది. నాలుగుసార్లు చేస్తే ప్రతిసారీ ఏడు సెకన్లకు అటూ ఇటూ వచ్చింది. గోడల రాపిడిని, పలక లాగేటప్పటి కుదుపును తలచుకుంటే ఇది న్యాయమైన లెక్కే.

అదే తొట్టెను బాసిలిస్క్‌లో పొడవునా 256 గడులు, నిలువునా 40 పొరలతో పెట్టాను. ఉప్పును బట్టి సాంద్రత ఎంత మారాలో చెప్పే ఒక్క వాక్యం రాస్తే చాలు, తేలుడు బలాన్ని ఆ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. మొదటిసారి ఆ వాక్యంలో నేను గుర్తు తిరగేసి రాశాను. ఏ హెచ్చరికా రాలేదు. లెక్క చక్కగా సాగి, నీలిరంగు ఉప్పునీరు పైన తేలుతూ ముందుకు పోయింది. రెండు నీళ్లూ తారుమారైనా ఈ సమస్య ఇంచుమించు అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది కనుక వేగం కూడా సరిగ్గానే వచ్చింది. అంకెలు మాత్రమే చూసి బొమ్మ చూడని విద్యార్థి ఆ తప్పును ఎప్పటికీ పట్టుకోలేడు. ఆ రోజు నుంచి నా తరగతిలో ముందు బొమ్మ, తరువాతే పట్టిక. గుర్తు సరిచేశాక, చాయ్ తాగి వచ్చేలోపు లెక్క ముగిసింది. నాలుక వేగం బెంజమిన్ అంకెకూ నా స్టాప్‌వాచ్‌కూ నడుమ పడింది.

ఇక్కడ ఒక సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. రెండు పొరల సమీకరణాలకు ఒక హద్దు ఉంది: పొరల మధ్య వేగాల తేడా ఒక మేర దాటితే ఆ సమీకరణాలు తమ స్వభావాన్నే కోల్పోతాయి, చిన్న ముడత కూడా అదుపు లేకుండా పెరిగిపోతుంది, గ్రిడ్ ఎంత సన్నం చేస్తే అంత వేగంగా పెరుగుతుంది. తేడా యొక్క వర్గం, తగ్గిన గురుత్వాన్ని మొత్తం లోతుతో గుణిస్తే వచ్చే విలువను మించకూడదన్నది దాని సుమారు షరతు. పైన చెప్పిన బంగాళాఖాతపు పొరలకు ఆ హద్దు సెకనుకు 1.7 మీటర్లు, సముద్రంలో అంత తేడా అరుదు కనుక నిశ్చింతగా ఉండవచ్చు. మా తొట్టెకు ఆ హద్దు సెకనుకు 14 సెంటీమీటర్లు. నాలుక 7 సెంటీమీటర్ల వేగంతో అటు, పై నీరు 7 సెంటీమీటర్ల వేగంతో ఇటు. అంటే ప్రవాహం సరిగ్గా ఆ హద్దు మీదే నడుస్తోంది. నీలిరంగు సరిహద్దు మీద కంటికి కనబడిన చిన్న చిన్న సుడులకు మూలం ఈ వేగాల తేడాయే. రెండే పొరలతో ఈ సమస్యను పరిష్కరించబోతే నమూనా కత్తి అంచు మీద నిలబడినట్టే. నలభై పొరలు పెట్టి, సాంద్రత మార్పును కాస్త మందంగా ఉండనిస్తే ఊపిరి తీసుకోవడానికి చోటు దొరుకుతుంది.

ఆ సుడులు లెక్కలో కనబడాలంటే మాత్రం, పీడనం లోతును బట్టే పెరుగుతుందనే హైడ్రోస్టాటిక్ ఊహను వదులుకోవాలి. నిలువు వేగాన్ని పట్టించుకోని మామూలు రూపంలో నాలుక వేగం బాగానే వస్తుంది గానీ, దాని ముందరి తల గోడలా నిటారుగా నిలుస్తుంది, సుడులు అసలు ఉండవు. బాసిలిస్క్‌లో నాన్ హైడ్రోస్టాటిక్ భాగాన్ని చేర్చడం కూడా ఒక వరుస పనే. అప్పుడు ప్రతి కాలపు అడుగులోనూ అన్ని పొరల పీడనాలనూ కలిపి ఒక పెద్ద సమీకరణాన్ని పరిష్కరించవలసి వస్తుంది, లెక్క కొన్ని రెట్లు నెమ్మదిస్తుంది. ఆ ఖర్చు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు అనవసరం అన్నది తెలియడానికి, సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే పరీక్షల్లో ఒకటి చాలా ఉపకరిస్తుంది. హార్న్ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగం అది. 6 మీటర్ల పొడవు, 29 సెంటీమీటర్ల లోతున్న మూసిన తొట్టెలో రెండు పొరల నీరు నింపి, తొట్టెను వాల్చి ఉంచి ఒక్కసారిగా మట్టానికి తెస్తే, సరిహద్దు మీద పుట్టిన ఒక్క పెద్ద అల క్రమంగా నిటారై, చివరకు చిన్న చిన్న ఒంటరి అలల వరుసగా విడిపోతుంది. హైడ్రోస్టాటిక్ రూపం ఆ అలను నిటారు చేసి అక్కడే ఆగిపోతుంది. నాన్ హైడ్రోస్టాటిక్ రూపం దాన్ని వరుసగా విడదీసి చూపిస్తుంది. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూపితే ఒక గంట ఉపన్యాసం ఆదా అవుతుంది.

ఇది తొట్టెలకు పరిమితమైన ముచ్చట కాదు. అండమాన్ సముద్రంలో ఇలాంటి ఒంటరి అలలు నీటి లోపల పదుల మీటర్ల ఎత్తున పోతాయని ఆస్బోర్న్, బర్చ్ 1980లో ప్రచురించారు. పైన సముద్రం మీద వాటి జాడ చిరుకెరటాల పట్టీలుగా మాత్రమే కనబడుతుంది. విశాఖపట్నం తీరంలో సముద్రపు లోపలి పొరల కదలికల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950ల నుంచే పని జరిగింది. అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ పేరు అక్కడ సముద్ర శాస్త్రం చదివినవారికి ఇప్పటికీ గుర్తుంటుంది. సముద్రంలో తేలుతూ మునుగుతూ తిరిగే ఆర్గో పరికరాలు పంపే ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలతలు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ద్వారా అందుబాటులో ఉన్నాయి కనుక, మన సముద్రపు పొరలను నిజమైన అంకెలతో ఈ నమూనాలోకి ఎక్కించడానికి అడ్డంకి ఏదీ లేదు. నా విద్యార్థులు ఇద్దరు సరిగ్గా ఆ పనే ప్రాజెక్టుగా తీసుకున్నారు.

సూచనల పుస్తకం విషయంలో నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. బాసిలిస్క్‌లో కోడే వ్యాసం, వ్యాసమే కోడ్. ప్రతి ఫైలూ సమీకరణాలతో, వివరణలతో పేజీలా చదువుకునేలా ఉంటుంది. ఏ పదం ఏ వరుసలో లెక్కకు వస్తుందో వేలు పెట్టి చూపగలిగిన సాఫ్ట్‌వేర్ ఈ రంగంలో నేను మరొకటి చూడలేదు. అయితే అది రాసినవారి స్థాయిలోనే రాయబడింది. పార్షియల్ డిఫరెన్షియల్ సమీకరణాలతో చనువు లేని పాఠకుడికి మొదటి మెట్టు చాలా ఎత్తుగా ఉంటుంది. పాఠాల రూపంలో చేయిపట్టి నడిపించేది తక్కువ. ఉదాహరణలను కాపీ చేసి, మార్చి, పాడుచేసి, మళ్లీ బాగుచేసుకుంటూ నేర్చుకోవలసిందే. 2004 డిసెంబరు 26 సునామీని గ్రిడ్ తనంతట తాను సన్నబడే పద్ధతిలో చూపే ఉదాహరణ మన తీరం వారు మొదట తెరవదగినది, అందులో సాంద్రత పొరలు లేకపోయినా.

ఇన్‌కాయిస్ రోజువారీ సముద్ర సూచనల్లో వాడే రామ్స్ అనే సముద్ర నమూనాతో గానీ, అమెరికాలో ప్రిన్స్‌టన్‌లోని జీఎఫ్‌డీఎల్ పరిశోధనశాల రూపొందించిన మామ్6 అనే నమూనాతో గానీ దీన్ని పోల్చి ఏది గొప్పదని అడగడం రోడ్డు రోలరుకూ సైకిలుకూ పందెం పెట్టడం లాంటిది. గాలి, ఎండ, వాన, నదులు, పోటుపాటులు అన్నింటినీ కలుపుకుని నెలల తరబడి నమ్మకంగా నడవవలసిన పనికి ఆ పెద్ద నమూనాలే తగినవి. మామ్6లో కూడా పొరలు ముందు నీటితో కదిలి, తరువాత సర్దుకుంటాయి కనుక, బాసిలిస్క్‌లో ఆ సూత్రం వంటబట్టిన విద్యార్థికి దాన్ని అర్థం చేసుకోవడం తేలికవుతుంది. ఒకే భౌతిక ప్రశ్నను, తక్కువ పరికరాలతో, లోపల ఏం జరుగుతోందో చూస్తూ విప్పుకోవడానికి మాత్రం నేను బాసిలిస్క్‌నే ఎంచుకుంటాను.

దీనితో చేయకూడని పనులు కూడా చెప్పాలి. ఏ చోట నిలువు గీత గీసినా అది నీటి ఉపరితలాన్ని ఒక్కసారే తాకుతుందనే ఊహ దీనిలో ఉంది కనుక, ఒడ్డున విరిగి పడే అల నోరు తెరిచి ముడుచుకునే దృశ్యం ఇందులో రాదు. దానికి అదే సాఫ్ట్‌వేర్‌లోని వేరే విభాగానికి పోవాలి. సాంద్రత తేడాను తేలుడు బలంలో మాత్రమే లెక్కలోకి తీసుకునే బౌసినెస్క్ ఊహ వల్ల, నదీ ముఖాల దగ్గరి రెండు మూడు శాతం తేడా దాకా ఏ ఇబ్బందీ లేదు గానీ, నీరూ నూనే ఆవిరీ లాంటి పెద్ద తేడాలకు ఇది తగదు. గోదావరి ముఖద్వారంలో అడుగున చీలికలా దూరే ఉప్పునీరు ఎంత దూరం లోపలికి వస్తుందో రైతులకు చెప్పే సూచనగా దీని ఫలితాన్ని నేరుగా వాడమని మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను, ఎందుకంటే అక్కడ ఫలితాన్ని శాసించే కలయిక రేట్లను మనమే బయటినుంచి తెచ్చి పెట్టవలసి ఉంటుంది.

ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పేవారికి, పీజీ విద్యార్థులకు, సీ భాష వచ్చి సముద్రం మీద మనసున్న ఎవరికైనా దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. మొదలుపెట్టేవారు ఫోర్ట్రాన్ కంపైలర్‌ను ముందే పెట్టుకుని, తొట్టె సమస్యను రెండు పొరలతో, పదితో, నలభైతో వరుసగా నడిపి, ప్రతిసారీ నాలుక తలను బొమ్మలో చూడాలి. నా చేపల తొట్టె ఇప్పుడు కళాశాల ప్రయోగశాలలో ఉంది. వచ్చే సెమిస్టర్‌లో అడుగున ఇసుకతో ఒక చిన్న గట్టు కట్టి, ఉప్పునీరు దాన్ని దాటి జారేటప్పుడు సుడులు ఎక్కడ మొదలవుతాయో చూడాలనుకుంటున్నాము.